పేన్ ఉన్న చెట్టు

భిలాయి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా విజయనగరంలో కనపడ్డ ప్రతివాళ్ళూ ఒకే ప్రశ్న వేస్తున్నారు, ఉక్కు ఫ్యాక్టరీ చూశావా అని. చూడలేదు. పొగగొట్టాలు దూరం నుంచి కనిపించాయి. సాయంత్రాలు ఆ పక్క ఆకాశం ఎర్రబడటం కనిపించింది. మా అక్క మేడ మీద ఆరేసిన తెల్లచీర మీద నల్లటి నుసి కనిపించింది. ఫ్యాక్టరీతో నా పరిచయం అంతవరకే. నేను అక్కడ చూసింది ఒక చెట్టుని. నిలువునా రెండుసార్లు చూశాను. ఒకసారి అది నిలబడి ఉండగా, రెండోసారి దాన్ని నిలబెట్టి ఉండగా. ఆ మధ్యలో ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం జరిగిందో రాయడానికే కూర్చున్నాను.

చెట్టు ఉన్న ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు కెమెరా మెడలో వేసుకుని బయల్దేరతారు. ఆ ఊరికి ఇప్పటిదాకా వచ్చినవాళ్ళు చాలు.

పవర్ హౌస్

రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పోయే బండిలో దారిపొడుగునా ఇప్పచెట్ల కింద గంపలు పెట్టుకుని పూలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు కనిపించారు. రాయపూర్ దాటాక చెట్లు తగ్గి రేకుల షెడ్లు మొదలయ్యాయి. నేను దిగిన స్టేషన్ పేరు పవర్ హౌస్. దేవుడి పేరో, రాజు పేరో, కనీసం ఊరి పేరో కాకుండా కరెంటు తయారయ్యే చోటి పేరు పెట్టుకున్న స్టేషన్ నేను ఇంకెక్కడా చూడలేదు. మెట్లు దిగేసరికి ఎండ మొహాన కొట్టింది. ఆటోవాళ్ళ కేకల మధ్య నుంచి మా బావ గొంతు వినిపించింది.

"ఏటే సుభద్రా, సిక్కిపోనావు! బండిలో ఏటీ తిన్నేదా?"

మా బావ పేరు సింహాచలం. వాళ్ళ నాన్న చీపురుపల్లి నుంచి వచ్చి ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. బావకి ఆ సైరన్లూ షిఫ్టులూ నచ్చక పవర్ హౌస్ బజారులో టెంట్ హౌస్ పెట్టాడు. బోర్డు మీద హిందీలో, ఇంగ్లీషులో, కింద చిన్నక్షరాలతో తెలుగులో పేరుంటుంది. భిలాయిలో తెలుగువాళ్ళింట పెళ్ళైనా, పేరంటమైనా షామియానా ఆయనదే. చావైతే అద్దె తీసుకోడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చదివేది చదివి ఆయన్ని మీరు దుర్మార్గుడనుకుంటారు. దుర్మార్గుడైతే నాకీ బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

బజారులో రెండు రూపాయలకి గుక్కెడు టీ ఇచ్చారు. అల్లం ఘాటు బాగుంది గానీ గ్లాసు మరీ చిన్నది. అక్కడ నుంచి నెహ్రూ నగర్‌లో అక్క ఇంటికి వెళ్ళాం. అక్క కూతురు పరుగున వచ్చి "మౌసీ" అంది. "పిన్నీ అనవే" అని అక్క దాని నెత్తి మీద మొట్టింది. అది వెంటనే "పిన్నీ మౌసీ" అంది. ఇంట్లో సగం మాటలు హిందీ, మిగతా సగం శ్రీకాకుళం. నాలాంటి వాళ్ళకి రెండూ కలిపి వినడానికి రెండు రోజులు పడుతుంది.

అన్నం తింటుండగా బావ తన కొత్త కాంట్రాక్టు గురించి చెప్పాడు. కొత్త రాష్ట్రం వచ్చింది కదా, ఇప్పుడందరికీ ఆదివాసుల మీద ప్రేమ పొంగుతోంది. ఏదో సంస్థవాళ్ళు మైదానంలో పెద్ద మేళా పెడుతున్నారట. ఆదివాసులు అడవిని ఎలా కాపాడుకుంటూ వచ్చారో పట్నం జనానికి చూపించడం దాని ఉద్దేశం. టెంట్లు, కుర్చీలు, మైకులు బావవి. దాంతోపాటు మధ్యలో ఒక దేవుడి వనం కట్టాలి. అందులో ఆదివాసులనే కూర్చోబెడతారు.

"సిమెంటుతో సెట్లు కట్టీగలను. గోనెగుడ్డ సుట్టి రంగేసీగలను. కాదంటన్నారు. అంతా నేచురల్‌గా ఉండాలంట. రేపు కొండకెల్లాలి. వెదుర్లూ, రెల్లుగడ్డీ తేవాలి, మనుసుల్ని మాటాడాలి. నువ్వూ రా మరదలా, ఇంట్లో కూకుని ఏటి సేస్తావు?"

కొండ కింద ఊరు

జీపులో దక్షిణానికి పోయాం. గుండర్‌దేహి దాటాం, బాలోద్ దాటాం. ఆఫీసుల మీద ఛత్తీస్‌గఢ్ అని కొత్తగా రాసిన అక్షరాల వెనక పాత మధ్యప్రదేశ్ ఇంకా లీలగా కనపడుతోంది. రోడ్డు పక్క పాకలో చీలా తిన్నాం. బియ్యప్పిండితో పోసిన పల్చటి అట్టు, పక్కన టమాటా పచ్చడి. మన అట్టుకి తోబుట్టువే, కాకపోతే పిండి పులియదు.

దారంతా బావ నాకు గోండీ భాష నేర్పాడు.

"ఈల బాస మన తెలుగే, తెల్సా? నీల్లని ఏర్ అంతారు. మనం ఏరు అనమేటి? తమ్ముడ్ని తమ్మూర్ అంతారు. కన్నుని కన్ అంతారు. పండగని పండుమ్. ఎప్పుడో మనోల్లే, కొండెక్కీసారంతే. సగం సగం ఇన్నా నాకు మొత్తం తెలిసిపోద్ది."

నిజమే అనిపించింది నాకూ. హిందీవాళ్ళకి దొరకని తాళం మన చేతిలో ఉన్నట్టు గర్వంగా కూడా అనిపించింది.

ఊరు చిన్నది. మట్టిగోడలు నున్నగా అలికి, అంచులకి నల్లరంగు పూసి ఉన్నాయి. వాకిళ్ళలో ఇప్పపూలు ఎండబోశారు. ఆ మత్తు వాసన తలకెక్కుతుంది. మమ్మల్ని గాయతా ఇంటికి తీసుకెళ్ళారు. గాయతా అంటే ఊరి పూజారి. మన పూజారిలా గంట వాయించి ప్రసాదం పెట్టి ఊరుకునేవాడు కాదు. అడవిలో ఏ కాయ ఎప్పుడు కోయాలో, ఏ వాగులో ఎప్పుడు చేపలు పట్టకూడదో చెప్పేది ఆయనే. పేరు సోమారూ. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ ఎవరి మీదో విసుక్కుంటూ ఉంటాడు. ఆయన భార్య సుకారో ఆయన మీద విసుక్కుంటూ ఉంటుంది. వాళ్ళలో వాళ్ళు గోండీలో, మాతో ఛత్తీస్‌గఢీలో మాట్లాడారు. నాకర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

సుకారో ఆకుదొప్పల్లో పేజ్ పోసింది. మన చోడంబలే. వేసవిలో మా అమ్మ ముంతలో పోసి ఇచ్చే అంబలి ఇంతదూరం వచ్చి తాగుతాననుకోలేదు. పక్కన ఎర్రచీమల పచ్చడి పెట్టింది. బావ లొట్టలేసుకుంటూ తిన్నాడు. నేను కళ్ళు మూసుకుని నాలిక్కి రాసుకున్నాను. నిమ్మకాయ పిండిన కారంలా పుల్లగా ఉంది. రెండోసారి కళ్ళు తెరుచుకునే తిన్నాను.

ఇంటి వెనక కొండ నిండా చార్ చెట్లు. చార్ అంటే మనం పాయసంలో వేసుకునే సారపప్పు కాసే చెట్టు. కొమ్మలు పచ్చికాయలతో వంగిపోయి ఉన్నాయి. కొన్ని మామిడి చెట్లూ ఉన్నాయి. ఒక్క కాయ కింద పడి కనపడలేదు, ఒక్క పిల్ల రాయి విసరలేదు. మా ఇంటి ముందు మామిడిచెట్టుకి పిందె పడితే వీధి పిల్లలు ఆగరు. ఎందుకు కోయలేదని సుకారోని అడిగాను.

"మర్కా పండుమ్ కాలేదుగా" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

మర్కా అంటే మామిడి. ఆ పండగనాడు గాయతా కొండ మీది దేవుడికి తొలికాయ పెట్టాలి. అప్పటిదాకా మామిడి గానీ చార్ గానీ ఎవరూ ముట్టరు. ఆ తర్వాత ఊరంతా కలిసి ఎక్కి కోస్తారు. పైకొమ్మల కాయ పక్షులకీ ఎలుగుబంట్లకీ వదిలేస్తారు. ఆ వదిలేసిన వాటి నుంచే కింద మొలకలు వస్తాయి. నేను మా ఉగాది గురించి చెప్పాను. పచ్చిమామిడి ముక్క లేకపోతే మాకు సంవత్సరమే మొదలవదన్నాను. సుకారో నన్ను జాలిగా చూసింది. "టెంక కట్టక ముందే కోసేస్తారా? మీ దేవుడు ఏమీ అనడా?" అంది.

అక్కడే గుమ్మం మీద కూర్చున్న మనిషి ఈ మాటలకి పెద్దగా నవ్వాడు. గాయతా అన్నకొడుకు, ఫగనూ. ముప్పై ఏళ్ళుంటాయి. ముగ్గురు పిల్లలు.

"పక్క కొండ చూశారా దీదీ? అక్కడా చార్ ఉండేది. వాళ్ళు పండుమ్ దాకా ఆగడం మానేశారు. పచ్చికాయ కోసి సేఠ్‌కి అమ్ముకున్నారు. వాళ్ళ ఇళ్ళ మీద ఇప్పుడు రేకులున్నాయి. మా ఇళ్ళ మీద గడ్డి ఉంది."

"చార్ ఏదీ మరి?" అని గాయతా లోపల్నుంచి అరిచాడు. "ఇప్పుడు అక్కడ ఒక్క చార్ చెట్టు చూపించు! ముందు నేనంటే ముందు నేనని కొమ్మలే విరిచేశారు. రేకులు తింటారా?"

"రేకుల కింద పిల్లలు తడవకుండా పడుకుంటారు" అన్నాడు ఫగనూ.

ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ కొండ ఇంకా పచ్చగా ఉండటానికి కారణం ఫగనూ అంత గొణుగుతూ కూడా కాయ ముట్టకపోవడమే. ఎందుకు ముట్టడంటే భయం. కొండ మీది దేవుడి చోట గొడ్డలి పెడితే, ముందే కాయ కోస్తే, ఆ దేవుడు మనిషిని మంచాన పడేస్తాడని ఊరంతా నమ్ముతుంది. కాపలావాడు లేడు, కంచె లేదు. కొండకున్న కావలి ఆ నమ్మకమే.

బావకి వెదుర్లు చూపించడానికి గాయతా కొండ ఎక్కించాడు. నేనూ వెంట వెళ్ళాను. కొంతదూరం పోయాక ఒక రాళ్ళ వరస వచ్చింది. ఆడవాళ్ళు అది దాటకూడదన్నారు. నేను ఇవతలే ఆగాను. ఈ నియమం నాకు నచ్చలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను. లోపల చల్లటి చీకటి. ఆకులు మోకాలి లోతున పడి ఉన్నాయి, ఎవరూ తుడవరు. మధ్యలో ఒక నల్లమద్ది చెట్టు నిటారుగా నిలబడి ఉంది. వాళ్ళు దాన్ని సాజా అంటారు. బెరడంతా మొసలి చర్మంలా పగుళ్ళు. మరీ పెద్దదేమీ కాదు, ఒక మనిషి చేతులు చాపి పట్టుకోగలడు. పాత చెట్టు పిడుగుపడి పోతే దాని మొదట్లోంచి వచ్చిన చెట్టట అది.

బావ దాని దగ్గరికి వెళ్ళి చెయ్యి వేయబోయాడు. గాయతా గబుక్కున ఆపాడు. ఆయనన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"ఝన్ ఛూబే, బాబూ. ఏమా పేన్ హే."

ముట్టుకోకు, దీంట్లో పేన్ ఉంది అని. బావ చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో అన్నాడు: "సూసినావా? పేను పట్టిందంట సెట్టుకి. మన సిక్కుడుపాదుకి పడతాది సూడు, పేనుబంక, అదే. ముట్టుకుంటే అంటుకుంతాదని ఆపీసినాడు పాపం. మాట కూడా మన మాటే. పేను!"

నేనూ తల ఊపాను. మా పెరట్లో చిక్కుడుకి ఏటా పడుతుంది.

మైదానం

మేళా మొదలైన రోజు అక్కా, వాళ్ళమ్మాయీ, నేనూ రిక్షా ఎక్కి వెళ్ళాం. గేటు బయట పుచ్చకాయ ముక్కలు, బఠాణీ చాట్. లోపల ఒక పాకలో తేనె అమ్ముతున్నారు, ఇంకో పాకలో వేర్లు, దుంపలు. ఏ దుంప మొగతనానికి మంచిదో మైకులో చెబుతున్నారు. దాని ముందు జనం బాగా ఉన్నారు. అడవిని ఎలా కాపాడాలో చెప్పే పాక ముందు ఒక కుక్క పడుకుని ఉంది.

మధ్యలో బావ కట్టిన దేవుడి వనం. నిజం చెప్పాలంటే బాగా కట్టాడు. చుట్టూ రాళ్ళ వరస, లోపల ఎండుటాకులు పరిచి ఉన్నాయి. సాల కొమ్మలు పాతి ఉన్నాయి. నట్టనడుమ, సిమెంటు దిమ్మలో బిగించి, ఇనప తీగలతో నాలుగువైపులా లాగి కట్టి, ఒక నల్లమద్ది మాను నిలబడి ఉంది. మొసలి చర్మం లాంటి బెరడు. ఆకులు వాడిపోకుండా ఒక కూలివాడు పంపుతో నీళ్ళు కొడుతున్నాడు.

"ఇది అక్కడిదే కదా బావా?" అన్నాను.

"అదే!" అన్నాడు సంబరంగా. "బతికున్న సెట్టు కొట్టడానికి నాకు మనసొప్పనేదే. ఎంత పాపం! అప్పుడీ పేను పట్టిన సెట్టు గుర్తొచ్చీసింది. ఎలాగూ సచ్చిపోయేదే గదా. దానివల్ల పక్క సెట్లకీ అంటుకుంతాది. ఆల్లకీ మేలు, మనకీ పని అయిపోద్ది. మొన్న లారీ తోలి కొట్టించీసినాను."

మొన్న అంటే, గాయతా, సుకారో, ఫగనూ, ఊళ్ళోని మొగవాళ్ళు చాలామంది భిలాయిలోనే ఉన్నారు. మేళాలో ఎలా కూర్చోవాలో, ముఖ్య అతిథి వచ్చినప్పుడు ఎలా లేచి దండం పెట్టాలో వాళ్ళకి ఒక బడి హాల్లో రిహార్సల్ చేయిస్తున్నారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు రాళ్ళ వరస దాటరు. చెట్టుకి పేను పట్టిందని గాయతాయే చెప్పాడంటే లారీవాళ్ళు నమ్మారు. చెప్పాడనే బావా నమ్మాడు.

పదకొండు గంటలకి వాళ్ళని తీసుకొచ్చారు. అందరికీ ఒకే రంగు కొత్త పంచెలు, తలకి ఈకలు. ఆ ఊళ్ళో ఎవరి తలకీ నేను ఈక చూడలేదు. సంస్థ మనిషి ఒకాయన గాయతా భుజం పట్టుకుని వనంలోకి నడిపించి, చెట్టు మొదట్లో కూర్చోమన్నాడు. సోమారూ రెండడుగులు వేసి ఆగిపోయాడు. మానుని పైనుంచి కిందికి చూశాడు. పక్కకి వెళ్ళి ఇంకోసారి చూశాడు. బెరడు మీద ఒకచోట పాత గాటు ఉంది, దాన్నే చూశాడు. అప్పుడు ఎవరూ చెప్పని పని చేశాడు. తలమీది ఈకలు తీసేసి కింద పెట్టి, బోర్లా పడుకున్నాడు. రిహార్సల్లో లేని భాగం కాబట్టి ఫొటోగ్రాఫర్లు పరుగెత్తుకొచ్చారు.

నేను సుకారో చెయ్యి పట్టుకుని ఏమైందని అడిగాను.

"మా పేన్, దీదీ. మా పేన్‌ని కొట్టేశారు."

"పేన్ అంటే?"

"పేన్ అంటే దేవుడు. ఇంకేముంటుంది?"

నేను బావ వైపు తిరిగాను. ఆయనా విన్నాడు. ఆ మొహం నేను ఈ జన్మకి మరచిపోను. "పేను అన్నాడే" అన్నాడు మెల్లగా. "సుబ్బరంగా సెప్పినాడే, పేను ఉన్నాదని. ముట్టుకోవద్దన్నాడే." మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. మా విజయనగరంలో జాతర సిరిమానుకి చెట్టు కొట్టాలంటే ముందు అమ్మవారు పూజారి కలలో కనపడి చెప్పాలి. ఆ చెట్టుకి పసుపూ కుంకుమా పెట్టి, మొక్కి, అప్పుడు గొడ్డలి తాకిస్తారు. బావ చిన్నప్పుడు వాళ్ళ తాతతో వచ్చి చూసినవాడే. చెట్టులో దేవుడుంటాడని ఆయనకి ఎవరో చెప్పక్కర్లేదు. తన భాష తనకి బాగా తెలుసనుకోవడమే కొంప ముంచింది. హిందీవాడెవడైనా అయితే పేన్ అంటే ఏమిటని అడిగి ఉండేవాడు.

సంస్థవాళ్ళకి సంగతి చెప్పాం. అయ్యో అన్నారు. ముఖ్య అతిథి గేటు దగ్గరికి వచ్చేశారు, ఈ ఒక్కపూటకి కూర్చోమనండి, తర్వాత చూద్దాం అన్నారు. నేను గట్టిగా నాలుగు మాటలన్నాను. మేడమ్, మీరెవరు అన్నారు. టెంట్ హౌస్ ఆయన మరదల్ని. అంతే నా హోదా.

సోమారూ లేచి కూర్చున్నాడు. వెళ్ళిపోదామని సుకారో రెక్క పట్టుకు లాగినా కదల్లేదు. "ఇంతమంది కొత్తవాళ్ళ మధ్య పేన్‌ని ఒక్కడినే వదిలి ఎలా వస్తాను?" అన్నాడు. మేళా ఉన్నన్ని రోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాను మొదట్లోనే కూర్చున్నాడు. ముఖ్య అతిథి ఆయన పక్కన నిలబడి, ఆదివాసుల జ్ఞానమే మన అడవులకి రక్ష అని మాట్లాడాడు. చప్పట్లు బాగా పడ్డాయి. ఈయనెంత సహజంగా కూర్చున్నాడో చూడండి అని నా వెనక ఎవరో అన్నారు.

మళ్ళీ ఊరు

మేళా అయిపోయాక వాళ్ళని బస్సులో పంపించారు. బావ మొదటిరోజు ఇంటికొచ్చాక మళ్ళీ మంచం దిగలేదు. జబ్బు కాదు, సిగ్గు. అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆయనకి మొగం సెల్లట్లేదే. ఇంక ఆ ఊరికి ఎల్లనంటన్నారు. నువ్వెల్లి మా తరపున ఒక మాట సెప్పిరా" అంది. నేనూ ఆ బస్సే ఎక్కాను. బాలోద్‌లో బస్సు ఆగితే సుకారో నాకు దొప్పలో శనగలు కొనిపెట్టింది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఊళ్ళోకి వెళ్ళేసరికి రోడ్డు మీద సేఠ్ మనుషుల బండి ఆగి ఉంది. త్రాసు, గోనెలు దించుకుని చెట్టునీడన కూర్చున్నారు. రాళ్ళ వరస లోపల మొద్దు మాత్రమే మిగిలిందన్న కబురు ఊరంతా పాకింది. సాయంత్రం గాయతా ఇంటి ముందు అందరూ చేరారు. ఫగనూ పక్కన గంప ఉంది, కొక్కెం కట్టిన వెదురుగడ ఉంది.

"నీ మాట కాదనట్లేదు కాకా" అన్నాడు ఫగనూ. ఈసారి నవ్వట్లేదు. "చిన్నప్పట్నుంచి చెబుతున్నావు, అక్కడ ఇనుము పెట్టినవాడిని పేన్ వదలడని. నమ్మాం. నా పిల్లలు ఏడుస్తున్నా ఒక్క కాయ కోయలేదు. ఇప్పుడు కాయ కాదు, పేన్‌నే కోసేశారు. లారీలో వేసుకుపోయారు. నలుగురిలో నిలబెట్టి నీళ్ళు కొట్టారు. కోసినవాడికి ఏమైంది? అది చెప్పు. ఏమీ కాకపోతే మేమెందుకు ఆగాలి?"

అందరి గంపలూ దగ్గర్లోనే ఉన్నాయి. కొండ మీది కాయంతా ఆ జవాబు కోసం ఆగి ఉంది.

సోమారూ నా వైపు తిరిగాడు. ఆ కొద్దిరోజుల్లోనే ఆయన మనిషి సగమయ్యాడు.

"దీదీ, తోర్ భాటో కైసే హే?" అన్నాడు. భాటో అంటే బావ. నీ బావ ఎలా ఉన్నాడని అడుగుతున్నాడు. ఇంకెవరైనా అడిగితే అది కుశలప్రశ్న. ఆయన కళ్ళలో ఉన్నది వేరు. ఇది అడగడానికి ఆయన ఎంత సిగ్గుపడుతున్నాడో కూడా కనపడింది నాకు. ఒక మనిషికి కీడు జరిగిందని వినాలని ఆశపడుతున్నాడు. జరగకపోతే తన కొండ పోతుంది.

నేను బడిలో పదిహేనేళ్ళుగా అబద్ధం ఆడకూడదని పిల్లలకి చెప్పిన మనిషిని. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"బాగాలేడు" అన్నాను. "మేళా మొదలైన రోజు రాత్రి నుంచీ మంచం పట్టాడు. జ్వరం దిగట్లేదు. కాలూ చెయ్యీ ఆడట్లేదు. డాక్టర్లు ఏమీ చెప్పలేకపోతున్నారు. మా అక్క ఏడుస్తోంది."

ఫగనూ తన వెదురుగడ తీసి గోడకి ఆనించాడు. ఒకరిద్దరు గంపలు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళారు. రోడ్డు మీద ఉన్న సేఠ్ మనుషులకి పండుమ్ అయ్యాక రమ్మని ఎవరో చెప్పొచ్చారు. నాకు లోపల గంతులేయాలనిపించింది. ఒక్క అబద్ధంతో కొండంతటినీ కాపాడేశాననుకున్నాను.

సోమారూ మాత్రం సంతోషించలేదు. తల వంచుకున్నాడు. "తెలియక చేశాడు పాపం" అన్నాడు. "ఆ మనిషి మంచివాడు. పొద్దున్నే పైకి వెళ్ళి పేన్‌ని అడుగుతాను, వదిలెయ్యమని. మొద్దు ఉందిగా, వేళ్ళు ఉన్నాయిగా. పేన్ ఎక్కడికీ పోలేదు." సుకారో వెంటనే లేచి కోడి కోసం చూసింది. వాళ్ళింట్లో లేదు. ఫగనూ భార్య తన పుంజుని తెచ్చి ఇచ్చింది. ఒక ముసలామె చీరకొంగులో బియ్యం తెచ్చి పోసింది. నీ అక్కకి చెప్పు, ఏడవద్దని, లేచి తిరుగుతాడు అంది. అబద్ధమాడి తెచ్చుకున్న ఆ బియ్యం వైపు చూడలేక నేను ఇంటి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

పొద్దున్నే ఊరంతా స్నానాలు చేసి తయారైంది. సోమారూ నడుముకి తెల్లగుడ్డ కట్టుకుని, చేతిలో పుంజుతో బయటికి వచ్చాడు. మొగవాళ్ళు ఆయన వెనక నిలబడ్డారు, అందరికన్నా ముందు ఫగనూ ఉన్నాడు. నేను ఆడవాళ్ళతో పాటు గుమ్మంలో నిలబడి ఉండగా రోడ్డు వైపు నుంచి హారన్ వినిపించింది.

ముందు జీపు, వెనక లారీ. లారీలో తాళ్ళతో కట్టిన నల్లమద్ది మాను. జీపు ఊరి బయట వాగు దగ్గర ఆగింది. మా బావ దిగాడు. వెనకసీట్లోంచి ఒక మేకపోతుని దింపి, దాన్ని అమాంతం భుజం మీద వేసుకుని, వాగు ఒక్క గెంతులో దాటి వచ్చాడు. ఇంట్లో పడుకుని ఆలోచించి ఆలోచించి ఉండలేక, తెల్లవారకుండానే బయల్దేరాడట. వాళ్ళ దేవుణ్ణి వాళ్ళకి తెచ్చి ఇచ్చేసి, మేకని మొక్కు చెల్లించి, కాళ్ళు పట్టుకుందామని వచ్చాడు. ఇంకో చేతిలో లడ్డూల డబ్బా ఉంది. మొహాన బొట్టు పెట్టుకున్నాడు. అంత నిండుగా, అంత ఆరోగ్యంగా ఆయన్ని నేను పెళ్ళిపీటల మీద కూడా చూడలేదు.

ఫగనూ ఆయన్ని తలనుంచి కాలిదాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, గోడకి ఆనించిన వెదురుగడ తీసుకున్నాడు. ఆ పక్కవాడు గంప తీసుకున్నాడు. ఒకరి వెనక ఒకరు ఇళ్ళలోకి వెళ్ళి గంపలతో బయటికి వచ్చారు. పిల్లలు ముందే కొండ వైపు పరుగెత్తారు. ముందు ఎవరు చేరతారో అని పెద్దవాళ్ళూ పరుగు అందుకున్నారు. కొమ్మ విరిగిన చప్పుడు అప్పుడే వినిపించింది. సోమారూ పుంజుని కిందికి వదిలేసి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

బావ మేకని దించి, రొప్పుతూ నా దగ్గరికి వచ్చాడు. కొండెక్కుతున్న జనాన్నీ, కూర్చున్న ముసలాయన్నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏటి మరదలా, అందరూ నన్నలా సూసి ఎల్లిపోతన్నారు? నాకేటైంది?"